కొంగ పాత్ర, తాబేలు పాత్ర

శోణపురి ఉత్తర ద్వారం ముందు నిలబడే నాటికి పోలిశెట్టి దగ్గర మిగిలిన సరుకంతా ఇదే: మేకతోలు తిత్తి నిండా మంచుతీగ కషాయం, జిగురుతో అంటించుకున్న నెరిసిన గడ్డం, ఒక కమండలం, అరికాళ్ళ నిండా బొబ్బలు.

సముద్రపు ఒడ్డునున్న తన ఊరి నుంచి బయలుదేరినప్పుడు గుర్రం ఉండేది. కంచరగాడిదల మీద మిరియాల బస్తాలు, కర్పూరం పెట్టెలు ఉండేవి. అన్నీ దారిలోనే ఖర్చయిపోయాయి. అందులో దండగ ఖర్చు ఒక్కటీ లేదని అతను తనకు తానే లెక్క చెప్పుకున్నాడు. గృధ్రకూటం మీది రాకాసి గద్దలకు గుర్రాన్ని వదిలేయబట్టే, అవి దాని మీద వాలి ఉన్నంతసేపూ తాను చరియకు వేలాడి తీగ కోయగలిగాడు. మిరియాలు గుప్పెళ్ళతో చల్లబట్టే గుహలోని కొండచిలువ తుమ్ములతో ఉక్కిరిబిక్కిరై అతన్ని మింగబోయి కక్కేసింది. కర్పూరమంతా ఒక్కసారిగా వెలిగించబట్టే ఏటి మొసళ్ళు తెప్పకు దారిచ్చాయి. గాడిదలు మాత్రం వాటంతట అవే పారిపోయాయి. వాటిని తప్పుపట్టడానికి లేదు.

మంచుతీగ ఆ కొండ నెత్తిన తప్ప మరెక్కడా మొలవదు. మండు వేసవిలో మిట్టమధ్యాహ్నం కూడా దాని ఆకు మీద మంచు ఆరదు. ఆ ఆకు నూరి, నీళ్ళలో వేసి, ఎనిమిదో వంతుకు మరిగించి తీసిన కషాయం కీళ్ళలో రగిలే మంటను చల్లారుస్తుందని కొండవాళ్ళు చెప్పారు. చెప్పినవాళ్ళే గాని తాగి చూసినవాళ్ళు లేరు. పరీక్షించని సరుకు మీద పోలిశెట్టి పుట్టి బుద్ధెరిగాక పెట్టుబడి పెట్టలేదు. ఈసారి పెట్టక తప్పలేదు. శోణపురి కోట అడుగున అతని భార్య మాచమ్మ ఉంది.

శోణగిరి రాజ్యాన్ని ఏలే మహారాణి హేమవర్ధనికి ఆమవాతం. కీళ్ళు ఎర్రగా వాచి, ముట్టుకుంటే కాలేవి. ఆస్థాన మాంత్రికుడు భస్మనేత్రుడు ఆ జబ్బును నయం చేయలేదు. ప్రతి అమావాస్య మధ్యాహ్నం రాణి కీళ్ళలోని నొప్పిని మంత్రంతో లాగి వేరొకరి కీళ్ళలోకి దించేవాడు. మళ్ళీ అమావాస్య నాటికి రాణి ఒంట్లో కొత్త నొప్పి ఊరేది. మళ్ళీ ఒక మనిషి కావలసివచ్చేది. కొత్తవాళ్ళు దొరికితే కొత్తవాళ్ళు, దొరక్కపోతే పాతవాళ్ళ మీదే మరో బరువు. వీళ్ళకు మోతగాళ్ళని పేరు. సంతకు వచ్చిన బిడారు మీద రాజభటులు పడి పట్టుకుపోయిన వాళ్ళలో మాచమ్మ ఒకతె. మొదటి బరువుకు ఆమె మణికట్లు పోయాయి. రెండో బరువుకు మోకాళ్ళు పోయాయి. వచ్చే అమావాస్యకు మళ్ళీ ఆమె వంతేనని, ఈసారి తుంటి మీద పడితే ఇక లేవడం కల్ల అని, కోటకు ఉప్పు తోలే బండివాళ్ళు చెప్పగా విన్నాడు.

ద్వారం తెరుచుకుంది. లోపల ఎర్రరాతి మేడలు ఉదయపు ఎండలో కొలిమిలోంచి అప్పుడే తీసిన ఇనుములా ధగధగలాడుతున్నాయి. వీధి వీధికీ పగడపు తోరణాలు, మేడ మేడకీ పావురాలకు వెండి గూళ్ళు. రాచబాటకు రెండు పక్కలా పన్నీటి కాలువలు, కాలువల్లో ఎర్ర తామరలు. అక్కడి నెమళ్ళు రథాలకు తప్పుకోవు, రథాలే నెమళ్ళకు తప్పుకుంటాయి. అంత వైభవంలోనూ పోలిశెట్టి కన్ను నేల మీదే ఆగిపోయింది. బాట మధ్యన, నేలకు సమంగా, ఇనప కటకటాలు బిగించిన గవాక్షాలు. వాటిలోంచి సన్నని మూలుగు పైకి వస్తోంది. మురుగుతూము దాటినట్టు జనం వాటిని దాటుకుంటూ పోతున్నారు.

కొలువులో రాణి హంసతూలికా పాన్పు మీద ఒరిగి ఉంది. ముఖం పున్నమి చంద్రుడే. చేతులు మాత్రం ఎండిన అల్లపు కొమ్ములు. ఉంగరాలు ఊడిరాక కంసాలి చేత కోయించిన గాట్లు వేళ్ళ మీద ఇంకా ఉన్నాయి. ఆమె పక్కన నిప్పుల కుంపటి ముందు భస్మనేత్రుడు. కనుగుడ్లు రెండూ బూడిద రంగు.

"ఎవరు నువ్వు?" అంది రాణి.

"కొండల్లో తపసు చేసుకునేవాణ్ణి తల్లీ. నా సరుకు చూడండి," అన్నాడు పోలిశెట్టి. అనేసి నాలుక కరుచుకున్నాడు.

మాంత్రికుడు విరగబడి నవ్వాడు. "సరుకట సరుకు! ఈ సిద్ధుడి దగ్గర అంగడి వాసన కొడుతోందే!"

"అడవిలో ఆకూ సరుకే స్వామీ. తమరు అమ్ముకునే బూడిద మాత్రం ఏమిటి?"

కొలువులో ఎవరో కిసుక్కుమని, వెంటనే దగ్గుతో కప్పిపుచ్చుకున్నారు. రాణి చెయ్యెత్తబోయి, ఎత్తలేక, కళ్ళతోనే ఊరుకోమంది. "నొప్పి తీసేవాడు నాకు ఉన్నాడు. నీ కషాయం ఎందుకు?"

"తీయడం లేదు తల్లీ, చోటు మారుస్తున్నారు. అందుకే మళ్ళీ ఊరుతోంది. నా మందు ఊటనే ఎండగడుతుంది."

"అని నువ్వంటున్నావు."

"నా మాట నమ్మొద్దు. తూచి చూడండి. మోతగాళ్ళ ఒంట్లో ఉన్నది మీ నొప్పే కదా? సగం మందికి నా కషాయం పోయించండి. తక్కిన సగానికి అదే రంగు, అదే చేదు ఉండేలా నేలవేము కాచిన నీళ్ళు పోయించండి. కొంగ బొమ్మ ఉన్న పాత్ర ఒకటి, తాబేలు బొమ్మ ఉన్న పాత్ర ఒకటి. దేంట్లో ఏముందో మీకు తప్ప ఎవరికీ తెలియకూడదు. నాకూ తెలియకూడదు."

"నీకెందుకు తెలియకూడదు?"

"తెలిస్తే నేను నా వైపుకు మొగ్గేలా కొలుస్తాను. ఈ స్వామికి తెలిస్తే ఆయన వైపుకు మొగ్గిస్తారు. తాగేవాడికి తెలిస్తే, మందు గొంతు దిగకముందే తగ్గిందంటాడు."

రాణి అతన్ని మొదటిసారి పరీక్షగా చూసింది. "నిన్ను నువ్వే నమ్మవన్నమాట."

"కొలత దగ్గర ఎవర్నీ నమ్మను తల్లీ. నా మందు గెలిస్తే మోతగాళ్ళందర్నీ వదిలేయాలి. ఇక ఎవరి మీదా బరువు దించకూడదు."

"ఓడితే?" అన్నాడు భస్మనేత్రుడు.

"మోతగాళ్ళలో నన్నూ కలుపుకోండి."

"భేష్! ఆ గడ్డం కింద ఏముందో కూడా ఆ రోజే చూద్దాం."

బేరం కుదిరింది. ఎవరి పాత్ర వారే తాగాలనీ, ఒలికించినా ఒకరిది ఒకరికిచ్చినా అగడ్తలో మొసళ్ళకు వేస్తామనీ మోతగాళ్ళను ఉంచిన మోతశాల గవాక్షాల దగ్గర నిలబడి దండోరా వేయించారు. పౌర్ణమి నాడు పరీక్ష మొదలైంది.

మోతశాల కోటకు పునాదిలాంటి గుహ. పైనుంచి తాడు కట్టిన గంపలో దిగాలి, గంపలోనే ఎక్కాలి. అక్కడ దొర్లలేక, కూర్చోలేక, గోడలకు చేరగిలబడ్డ మనుషుల మధ్య పోలిశెట్టి దారపు ఉండతో తిరిగాడు. కొలతకు అతను ఎంచుకున్నది దారం. వాచిన మణికట్టుకు బిగించి చుట్టి, ఆ పొడవుకు కత్తిరించి, రాణి దాసీలకు అప్పగించాలి. అమావాస్య ఉదయం అదే దారం అదే చేతికి మళ్ళీ చుడతారు. వాపు తగ్గితే దారం మిగులుతుంది. మిగిలిన ముక్కలు కత్తిరించి, కొంగ పాత్ర వాళ్ళవి తక్కెడలో ఒక పళ్ళెంలో, తాబేలు పాత్ర వాళ్ళవి రెండో పళ్ళెంలో వేస్తారు. ఏది దిగితే ఆ పాత్రలో ఏముందో రాణి చెబుతుంది.

నూకన్న అనే ముసలి పడవవాడు చెయ్యి చాపుతూ, "గట్టిగా చుట్టకు సిద్ధుడా. ఈ మణికట్టులో రాణిగారు కాపురముంటున్నారు, మేలుకుంటే నన్ను తంతారు," అన్నాడు.

అతని పక్కనే మాచమ్మ. మనిషి సగమైంది. కొలుస్తున్న చేతినే చూస్తూ పెదవి కదలకుండా అంది: "ఈ సిద్ధుడు దారం పట్టినప్పుడు చిటికెనవేలు పైకి లేపుతాడేమిటో. మా ఇంటాయనకీ ఇదే జబ్బు."

పోలిశెట్టి చేతిలో దారం జారింది. "నోరు మూసుకో మాచీ."

"నాకిచ్చింది తాబేలు గిన్నె. అందులో మందుందా?"

"నాకు తెలియదు."

"తెలియకుండా అమ్ముతున్నావా? నువ్వా?"

భార్య గొంతులో పోసేది మందో, ఉత్త చేదునీళ్ళో తనకు తెలియకుండా కట్టిన అడ్డుగోడ తాను కట్టిందే. దాన్ని తానే దాటితే తూకం చెల్లదు. తూకం చెల్లకపోతే ఆమె బయటపడదు. పోలిశెట్టి దారం తీసుకుని పక్క మనిషి మణికట్టు వైపు కదిలాడు.

ఆ తరవాత పోలిశెట్టి పనంతా కన్నాలు మూయడమే. పాత్రలు ఉన్న గది తాళపుచెవి రాణి మెడలో. పాత్రల్లోంచి గిన్నెల్లోకి తోడేది రాణిని పెంచిన దాదే. ప్రతి గిన్నే దాని మనిషి చేతిలో పడేదాకా కటకటాల పైనుంచి దాసీలు చూస్తారు. చూసి వెంటనే ముఖం తిప్పుకుంటారు, నొప్పి గాలిలో ఎగిరి వచ్చి అంటుకుంటుందని వాళ్ళ భయం. గది గుమ్మంలో పోలిశెట్టి స్వయంగా కాపలా.

ఏకాదశి నాడు, పట్టపగలు, భస్మనేత్రుడు దెబ్బ కొట్టాడు. తలుపు సందులోంచి పొగ పాకింది. పాకిన పొగ గది మధ్యలో ముద్దకట్టి, వెన్ను విరుచుకుని, చిరుతపులై లేచింది. కళ్ళు కుంపట్లు. ఒక్క దూకుతో పాత్రల అరుగు మీదికి ఎగిరింది. పోలిశెట్టి తాళం ఊడబెరికి లోపలికి దూకి దాని తోక పట్టబోయాడు, చేతికి వెచ్చని గాలి తప్ప ఏమీ అందలేదు. అది మాత్రం పంజా విసిరితే అతని భుజం కండ చీలింది. పొగకు పట్టు ఉండదు, గోళ్ళకు ఉంది! కొంగ పాత్ర అరుగు అంచున ఊగింది. అతను బోర్లాపడి కడుపుతో పాత్రను ఆపి, పడుకున్నవాడు పడుకున్నట్టే కాలితో పొగగూడు మూత తాడును తన్నాడు. కప్పులోని పొగగూడు భళ్ళున తెరుచుకుంది. ఏళ్ళ తరబడి అంగడిలో పొయ్యి రాజేసినవాడికి పొగను ఎలా పంపాలో తెలియదా? కమండలంలో దీపానికని దాచుకున్న నూనె నేల మీద పోసి చెకుముకితో నిప్పు రాజేశాడు. వేడి పైకి ఎగదన్నింది. చిరుత నాలుగు కాళ్ళతోనూ గాలిని గీరుతూ, తోక ముందుగా, పొగగూట్లోంచి ఆకాశంలోకి పోయింది.

నెత్తురు కారుతున్న భుజంతో పోలిశెట్టి పాత్రలు రెండూ తడిమి చూశాడు. చుక్క ఒలకలేదు. ఆ సాయంత్రం చాలా రోజులకు కడుపునిండా తిన్నాడు. కుట్రకు, దొంగతనానికి, మంత్రానికి, తన సొంత ఆశకు కూడా తాళం వేశాననుకున్నాడు.

అమావాస్య తెల్లవారింది. మోతగాళ్ళను గంపల్లో పైకి లాగి కొలువులో వరసగా కూర్చోబెట్టారు. దాసీలు దారాలు చుట్టారు. దారాలు మిగిలాయి. అందరికీ మిగిలాయి! పోలిశెట్టి గుండె గంతు వేసింది. కొలత ముగిసినవాళ్ళను ముగిసినట్టే గంపల్లో కిందికి దించేశారు. కత్తెర ఆడుతున్నకొద్దీ ముక్కలు పళ్ళేలలో రాలాయి. కంసాలి తక్కెడ ముల్లు కాసేపు అటు, కాసేపు ఇటు ఊగింది. ఆఖరి ముక్క పడింది. ముల్లు వణికి, వణికి, నడిమధ్యన నిలబడిపోయింది.

రాణి తక్కెడను చాలాసేపు చూసింది. ఆమె కళ్ళలో ఈ పక్షం రోజులూ వెలిగిన దీపం ఏదో కొండెక్కింది. ఆమెకూ ఈ మందు కావాలనే ఉందని అప్పుడు తెలిసింది పోలిశెట్టికి.

"కొంగ పాత్రలో నీ కషాయం ఉంది," అంది మెల్లగా. "తాబేలు పాత్రలో నేలవేము నీళ్ళు. రెండూ సమానం."

"అయితే నీళ్ళు తాగినవాళ్ళ వాపు ఎందుకు తగ్గింది తల్లీ? నీళ్ళకు తగ్గకూడదే!"

"నేను తగ్గించాను కనక," అన్నాడు భస్మనేత్రుడు, గాలిలో చెయ్యి ఊపుతూ. "దయతలచి ఈ పక్షమంతా మోతగాళ్ళకు చల్లని మంత్రం జపించాను. మందుదీ నీళ్ళదీ కాదు, ఘనత ఈ గొంతుది!"

"మళ్ళీ ఒక్కసారి తూచండి తల్లీ. వచ్చే అమావాస్య దాకా..."

"ఆకు ఎక్కడుంది నాయనా?" మాంత్రికుడు కిటికీ వైపు చూపించాడు. దూరాన గృధ్రకూటం నెత్తిన నల్లని పొగ. "తక్కెడ నిలబడగానే సైగ ఇచ్చాను. మోసపు తీగ రాజ్యంలో ఎందుకని తగలబెట్టించాను. పాత్ర అడుగున మిగిలినదే మిగిలింది."

రాణి ముఖం తిప్పుకుంది. "మధ్యాహ్నం దాకా ఇతన్నీ కింద ఉంచండి. తరవాత బరువు దించుదురుగాని."

గంప దిగింది. కింద మోతశాలలో మాత్రం పండగలా ఉంది. నూకన్న ఎదురొచ్చి, అతని ముక్కు కింద పిడికిలి మూసి తెరిచాడు. "చూడు సిద్ధుడా! నిన్నటిదాకా తెడ్డు పట్టలేని చెయ్యి. ఇవాళ నిన్ను గుద్దగలను."

"నీది ఏ గిన్నె?"

"తాబేలు."

"నీళ్ళు! నువ్వు తాగింది ఉత్త నీళ్ళు!" పక్క మనిషిని పట్టుకున్నాడు. "నీది?" కొంగ అన్నాడు అతను. అతని పిడికిలి కూడా నూకన్నదిలాగే మూసుకుంది, అంతే, అంతకన్నా ఎక్కువా కాదు తక్కువా కాదు. పోలిశెట్టి చుట్టూ చూశాడు. గుహ నడుమ ఒక పెద్ద మట్టి బాన ఉంది. దాని అంచుకు లోపలి పక్కన ముదురాకుపచ్చ చార ఎండి ఉంది. మంచుతీగ కషాయం తప్ప మరేదీ ఆ రంగులో ఎండదు.

"బానలో పోశారా?" అన్నాడు.

"పోయకపోతే?" మాచమ్మ గోడ పట్టుకోకుండా లేచి వచ్చింది. ఆమె నడవడం చూసి అతనికి ఏడుపొచ్చింది. "ఇక్కడ గంపలో ఏది దిగినా బానలోకే. గంజైనా అంతే, పండగ బెల్లమైనా అంతే. కలిపి ఒకే గరిటెతో పోసుకుంటాం. ఒకరికి ఒక బరువు, ఒకరికి మూడు బరువులు పడ్డ చోట, తిండి దగ్గర కూడా ఎక్కువ తక్కువలైతే ఒకర్నొకరం పీక్కుతినేవాళ్ళం. అలా మొదలైందట, నేను రాకముందే."

"దండోరా వినలేదా?"

"విన్నాం. విన్నాకే నాకు తెలిసింది. ఒకేలాంటి రెండు కుండలు, రెండు బొమ్మలు, ఎవరిది వారే తాగాలి! నీతో ఇన్నేళ్ళు అంగట్లో కూర్చున్నదాన్నయ్యా, ఒకదాంట్లో సరుకుంది, ఒకదాంట్లో లేదని నాకు అర్థం కాదా? సగం మందిని ఉత్త నీళ్ళకు వదిలేస్తారా అని నేనే అన్నాను. దాసీలు ముఖం తిప్పుకోగానే అన్ని గిన్నెలూ బానలో కుమ్మరించాం. తలా సగం మందు దక్కింది."

"మాచీ, నా మందు ఓడిపోయింది."

"ఓడిపోతే నా చెయ్యి ఎట్లా మూసుకుంది?"

"అందరి చేతులూ ఒకేలా మూసుకున్నాయి! అందుకే ఓడిపోయింది!" అతని కేక గుహ గోడలకు కొట్టుకుంది. "సగం చేతులు బిగుసుకుపోయి ఉంటే ఇవాళ అందరూ బయట ఉండేవాళ్ళు. మాంత్రికుడికి తాళం వేశాను. పొగకు తాళం వేశాను. మీకు వేయాలని తోచలేదే నాకు!"

పండగ ఆరిపోయింది. నూకన్న తన పిడికిలిని తానే చూసుకున్నాడు.

"రాణికి చెబుతాను," అన్నాడు పోలిశెట్టి. "సగం మందుకే ఇంత తగ్గిందంటే పూర్తి మందుకు ఎంత తగ్గుతుందో లెక్కవేసుకోమంటాను."

"చెప్పు బాబూ," అన్నాడు నూకన్న నెమ్మదిగా. "అగడ్తలో మొసళ్ళు కూడా పస్తుతోనే ఉన్నాయి."

దండోరా మాట పోలిశెట్టికి అప్పుడు గుర్తొచ్చింది. అయినా అతని బుర్ర ఊరుకోలేదు. ఇటు ఇంతమంది, అటు ఒక్కతె. ఆ ఒక్కతె తనది. "నిన్ను తప్పిస్తాను మాచీ. నువ్వు పంచుకోలేదని, నీ గిన్నె నువ్వే తాగావని చెబుతాను."

మాచమ్మ అతన్ని పరాయివాణ్ణి చూసినట్టు చూసింది. "గరిటె పట్టి పోసింది నేనేనయ్యా. నన్ను తప్పించి వీళ్ళను మొసళ్ళకు వేయిస్తే, నువ్వు తీసుకుపోయేది ఎవర్ని?"

అతను ఎన్ని విధాల తిప్పి చూసినా ఆ లెక్క కుదరలేదు. పైన గంట మోగింది. మధ్యాహ్నమైంది. గంప దిగింది.

కొలువులో కుంపటి రాజుకుంటోంది. భటులు మాచమ్మను నడుముకు తాడు కట్టి తెచ్చారు. రాణి పళ్ళ బిగువున నొప్పి పడుతోంది, చెమట ముత్యాల్లా నుదుటి మీద నిలిచింది. పోలిశెట్టి నోరు తెరిచాడు. నిజం నాలుక చివరిదాకా వచ్చింది. మాచమ్మ కళ్ళు అతని మీదే ఉన్నాయి. నాలుక చివరిదాకా వచ్చినది మింగి, మరోమాట బయటికి తీశాడు.

"తల్లీ, ఓడాను. మాట ప్రకారం ఈ క్షణం నుంచి నేను మోతగాణ్ణి. కొత్త మనిషి ఎదురుగా ఉండగా పాత మనిషి మీద దించుతారేం?"

భస్మనేత్రుడు పెదవులు తడుపుకున్నాడు. "అదీ నిజమే. కొత్త కీళ్ళు ఎక్కువ బరువు మోస్తాయి."

"ఇంకొక చిన్న మనవి. కొంగ పాత్ర అడుగున కాస్త మిగిలిందన్నారు. దాన్నేం చేస్తారు?"

"అగడ్తలో పారబోస్తాం."

"నీళ్ళతో సమానమని తక్కెడ తేల్చింది కదా స్వామీ. నీళ్ళ కింద లెక్కగట్టి నాకిప్పించండి. కింద దాహమేస్తుంది."

"ఇవ్వడానికి వీల్లేదు!" ఆ మాట మాంత్రికుడి నోటి నుంచి మరీ వేగంగా వచ్చింది.

"ఎందుకు స్వామీ? నీళ్ళే కదా?"

కుంపటిలో బొగ్గు చిటపటలాడింది. రాణి తల మెల్లగా భస్మనేత్రుడి వైపు తిరిగింది. "నీళ్ళంటే నీకు భయమేమిటి?"

బూడిద కళ్ళు రెండుసార్లు ఆడాయి. ఇక వద్దనడానికి దారి లేదు. వద్దంటే అది మందని ఒప్పుకోవడమే. "భయమేమిటి మహారాణీ! తాగి చావనివ్వండి," అని నవ్వేసి, ఆ నవ్వు ఆరకముందే పోలిశెట్టి గడ్డం పట్టి ఒక్క గుంజు గుంజాడు. జిగురుతో పాటు చర్మమూ లేచింది. "చూశారా! సిద్ధుడు కాడు, అంగడి బేహారి! ఇక వీడి మాటకు విలువ కట్టేదెవరు?"

రాణి కళ్ళు మళ్ళీ గట్టిపడ్డాయి. "దించు," అంది.

మంత్రం మొదలైంది. ముందు చల్లగా, పట్టుదారం లాగినట్టు ఏదో వేలికొసల్లోంచి లోపలికి పాకింది. ఆ వెంటనే నిప్పు. ఒక్కొక్క కణుపులోనూ ఎవరో కొలిమి ఊదుతున్నట్టు, తుంటిలో మేకు దిగగొట్టి తిప్పుతున్నట్టు. పోలిశెట్టి అరవకూడదనుకున్నాడు. అరిచాడు. అతని అరుపు సన్నబడుతున్నకొద్దీ రాణి ముఖం మీది నొప్పి ముడతలు విడిపోయాయి. ఆమె లేచి, తన కాళ్ళ మీద తాను, అతన్ని దాటుకుంటూ వెళ్ళిపోయింది.

గంపలో కుప్పగా దించారు. ఒళ్ళో పాత్ర ఉంది, దాన్ని పట్టుకోవడానికి వేళ్ళు వంగడం లేదు. మాచమ్మ అందుకుంది.

"నువ్వొక్కదానివే తాగు," అన్నాడు. "అంతా తాగితే నీకు పూర్తిగా నయమవుతుంది. ఇక తీగ లేదు. ఇదే ఆఖరిది."

ఆమె విననట్టే బాన దగ్గరికి వెళ్ళి పాత్ర వంచేసింది. నీళ్ళు కలిపింది. గరిటెతో తిప్పింది. నూకన్న మొదలుకుని ఒక్కొక్కరికీ పోసుకుంటూ వచ్చి, ఆఖరున పోలిశెట్టి పక్కన కూర్చుని అతని తల పైకెత్తి గిన్నె నోటికి ఆనించింది. చేదుగా ఉంది. మరీ పలచన. గవాక్షంలోంచి కొండ మీది పొగ వాసన దిగుతోంది. పైన రాళ్ళ మీద కొత్త కాపలావాళ్ళ కాళ్ళ చప్పుడు రెట్టింపైంది.

అతను కళ్ళు మూసుకుని లెక్క తేల్చాడు. గుర్రం, సరుకు, పేరు, వేషం, రెండు చేతులు, రెండు కాళ్ళు పోయాయి. కొండ పోయింది. తీగ వేరుతో సహా పోయింది. మందు పనిచేస్తుందని తెలిసింది గాని, ఆ సంగతి కొనేవాడు ఈ రాజ్యంలో లేడు, చెప్పుకోవడానికి నోరు లేదు. వచ్చిన పక్క వెతికాడు. మాచమ్మ తుంటి మీద బరువు పడలేదు. తలుపు లేని గుహలో ఆమె తన కాళ్ళ మీద నిలబడగలదు, వేళ్ళు మూసి గిన్నె పట్టుకోగలదు. ఒక గుటక కషాయం తన వంతుకు వచ్చింది.

ఎంత వెతికినా అంతకుమించి కనపడలేదు. ఆ గుటక మింగాడు.